కళకు రెండు తూకాలు వద్దు

(ముస్లిం యువ రచయితలు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సమాజంలో, రాజకీయాల్లో కళ నిర్వహించవలసిన పాత్రను గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను కవిని కాను, చిత్రకారుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, నోట్ ఫైళ్ళ మధ్య ముప్పై ఏళ్ళకు పైగా గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పుడు మా బస్తీలో వితంతు పింఛన్లకు, స్కాలర్‌షిప్పులకు, కుల ధ్రువపత్రాలకు తిరిగేవారికి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. కాబట్టి కళను గురించి నేను చెప్పబోయేవి దరఖాస్తుల బల్ల దగ్గర కూర్చున్న మనిషికి అనుభవంలోకి వచ్చిన సంగతులు. పండితులు వీటిని ఆ దృష్టితోనే స్వీకరించాలని మనవి.

దరఖాస్తులో పట్టని మనిషి

దరఖాస్తును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పేదవాడి చేతిలో అది గట్టి ఆయుధం. 2005 మార్చిలో ఏర్పాటైన సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక సమర్పించే వరకు, మన వెనుకబాటుతనాన్ని మన అపోహగా కొట్టిపారేసేవారు ఎందరో ఉండేవారు. అంకెలు వచ్చాక ఆ వాదన బలహీనపడింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఇ వర్గం కింద 4 శాతం రిజర్వేషన్ రావడానికి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అది కొనసాగడానికి కూడా నివేదికలూ గణాంకాలే ఆధారం. కాగితం విలువ కాగితానికి ఉంది.

అయితే ఆ బి.సి.-ఇ జాబితాను ఒక్కసారి మరో దృష్టితో చదవండి. అందులో ఫకీర్లు ఉన్నారు. గారడీ ముస్లింలు ఉన్నారు. ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకున్న గుడ్డెలుగువాళ్ళు ఉన్నారు. ప్రభుత్వ దృష్టిలో వీరు వెనుకబడిన వర్గాలు. మన పల్లెల దృష్టిలో వీరు కళాకారులు. డఫ్ వాయిస్తూ గడప గడపకూ వచ్చి దీవెనలు పాడిన ఫకీరు, ఊరి నడుమ జనాన్ని గుండ్రంగా నిలబెట్టి రెప్ప వేయనీయకుండా చేసిన గారడీ సాయిబు - సినిమా హాలు లేని రోజుల్లో మన పల్లె పిల్లలు చూసిన తొలి రంగస్థలం వీరే. దరఖాస్తు ఫారంలో వీరి కులానికి గడి ఉంది, ఆదాయానికి గడి ఉంది, పాటకు మాత్రం గడి లేదు. ఆ మనిషి మరణిస్తే పింఛను రిజిస్టరులో ఎర్ర సిరాతో గీత గీస్తారు. అతని గొంతులో ఉన్న నూరు పాటలు పోయిన సంగతి ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు.

ఇక్కడే కళ అవసరం మొదలవుతుంది. దరఖాస్తు మనకు ఏమి లేదో చెబుతుంది. మనం ఎవరమో చెప్పే బాధ్యత కథది, పాటది, నాటకానిది. ఎవరమో తెలియని మనిషికి ఏమి లేకపోయినా ఎదుటివారికి బాధ కలగదు.

కోర్టులో గెలిచిన బందగీ

జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ కథ మీలో చాలామందికి తెలుసు. ఆయన సామాన్య రైతు. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి లొంగక భూమి కోసం న్యాయస్థానానికి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి తిరిగి గెలిచాడు. అంటే కాగితం ఆయన పక్షానే ఉంది. ఆ గెలుపును సహించలేని వారు ఆయనను చంపించారు. తీర్పు కాగితం ఆయన ప్రాణాన్ని కాపాడలేకపోయింది.

ఆ బందగీ ఉదంతం ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు ఆ నాటకాన్ని ఊరూరా ఆడాయి. ఆ సంవత్సరం ఏమిటో గుర్తు చేసుకోండి. దేశం రెండుగా చీలి, ఉత్తరాదిన హిందూ ముస్లింలు ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూసిన సంవత్సరం అది. అదే కాలంలో కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో తెలుగు రైతులు పెట్రోమాక్స్ దీపాల వెలుగులో కూర్చుని, తెలంగాణలోని ఒక ముస్లిం రైతుకు జరిగిన అన్యాయం ప్రేరణగా పుట్టిన నాటకాన్ని చూశారు. బందగీ మతమేమిటని వారు అడగలేదు. భూమి పోగొట్టుకున్న ప్రతి రైతూ ఆయనలో తన్ను తాను చూసుకున్నాడు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ సాధించలేని ఐక్యత అది.

రాజకీయ వంత

నాటకం సంగతి వచ్చింది కనుక బుర్రకథను తలచుకోకుండా ముందుకు పోలేను. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబుర పట్టిన కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండవ వంత రాజకీయం చెబుతాడు. కథకుడు పల్నాటి యుద్ధం చెబుతున్నా, బొబ్బిలి కథ చెబుతున్నా, ఈ రాజకీయ వంత మధ్యలో అందుకుని ఆనాటి సంగతిని ఈనాటి ధరలకు, ఈనాటి దొరలకు ముడిపెడతాడు. కళకు రాజకీయాలెందుకని ప్రశ్నించే పెద్దలకు నేను చెప్పే సమాధానం ఇదే. మన తెలుగు పల్లె కళ రాజకీయానికి వేదికపై ఒక మనిషినే కేటాయించింది. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ ఒకనాడు బుర్రకథను నిషేధించాయంటే, ఆ మూడవ మనిషి నోటికి భయపడే.

ఆ కళకు పితామహుడిగా పేరొందిన షేక్ నాజర్ మనవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి తెలుగువారిచేత కన్నీరు పెట్టించారు. అల్లూరి సీతారామరాజు కథను ఆయన గొంతులో విని పులకించిన తరం ఇంకా బతికే ఉంది. 1986లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. ఆయన జీవిత కథ 'పింజారి' అన్న పేరుతో పుస్తకమైంది. పింజారి అన్న మాట తెలుగునాట ఎలా వాడుకలో ఉందో నేను వివరించనక్కరలేదు. దూది ఏకే వృత్తి పేరు తిట్టుగా మారింది. ఎదుటివాడు తిట్టుగా విసిరిన మాటను ఒక కళాకారుడి జీవితం పుస్తకానికి పేరుగా, గౌరవంగా మార్చింది. ఆ మాటను నిషేధించమని వంద దరఖాస్తులు పెట్టినా ఈ ఫలితం వచ్చేది కాదు.

ప్రశ్న రెండు వైపులా

ఇక మన కాలానికి వద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దీర్ఘకవిత వెలువడింది. ఈ గడ్డపై పుట్టి, ఈ మట్టిలో కలిసే మనిషిని నిత్యం విధేయత నిరూపించుకోమనే సమాజాన్ని ఆ కవిత నిలదీసింది. అంతవరకు చాటుగా ఇళ్ళలో చెప్పుకున్న బాధ అచ్చులోకి, తెలుగు సాహిత్యం నడిబొడ్డుకి వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, గుజరాత్ మారణకాండ జరిగిన 2002లో 'అజా', 2004లో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కావలి పట్టణంలోని సామాన్య ముస్లిం ఇంటిని, అమ్మానాన్నలను, పేదరికంలోని నవ్వును తెలుగు పాఠకుడి ముందుంచాయి. వార్తాపత్రికలో ముస్లిం అంటే బాంబు పేలుడు శీర్షిక. ఆ కథల్లో ముస్లిం అంటే ఫీజు కట్టలేని పిల్లవాడు, పండుగకు కొత్త బట్టల కోసం ఎదురుచూసే పిల్ల. చదివినవారికి మనం పొరుగింటి మనుషులమయ్యాం.

ఈ సాహిత్యంలో నేను ఎక్కువగా గౌరవించే గుణం ఒకటుంది. దాని ప్రశ్న ఒక్క వైపుకే తిరగలేదు. షాజహానా 'నఖాబ్' వంటి రచనలు ముస్లిం స్త్రీ గొంతుతో బయటి సమాజాన్ని అడిగాయి, ఇంటి లోపలి మగవారినీ అడిగాయి. మనలో కులం లేదని మనం చెప్పుకుంటున్న రోజుల్లో దూదేకుల, ఫకీరు, మెహతర్ కుటుంబాల నుంచి వచ్చిన రచయితలు పెళ్ళి సంబంధాల దగ్గర మనం పాటించే తారతమ్యాలను బయటపెట్టారు. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. శత్రువులకు ఆయుధం ఇస్తున్నారని నిందించారు. అయినా ఆ రాతల వల్ల మన సమాజం చిన్నబోలేదు. తన లోపాన్ని తానే చెప్పుకోగల సమాజమని లోకం గుర్తించింది.

అధికారం చేతిలోని కళ

కళ అంటే అన్నివేళలా పీడితుల పక్షమేనని అనుకోవడం పొరపాటు. సింహాసనం వెనుక చామరం వీచే కళ కూడా ఎల్లకాలమూ ఉంది. ఈనాడు దాని బలం ఎక్కువ. 2023లో 'ది కేరళ స్టోరీ' సినిమా ప్రచారంలో 32,000 మంది యువతుల అంకె చెప్పారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ అంకెకు ప్రామాణికమైన ఆధారం లేదని, ఇది కల్పిత కథనమని తెరపై చూపుతామని నిర్మాతలు కోర్టుకు చెప్పవలసి వచ్చింది. అదే రోజు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విధించిన నిషేధాన్ని కోర్టు నిలిపివేసింది. ఈ రెండింటినీ కలిపి చదవండి. ఆధారం అడిగినవారికి ఫలితం దక్కింది. నిషేధం కోరినవారికి దక్కలేదు.

2024 మార్చిలో 'రజాకార్' సినిమా తెలుగులో వచ్చింది. మన యువకులు చాలామంది ఆవేశపడ్డారు. వారితో నేను రెండు మాటలు చెప్పాను. రజాకార్ల దౌర్జన్యాలు జరగలేదని మనం అనరాదు. జరిగాయి. పల్లెలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. కాదంటే మనం అబద్ధం పక్షాన నిలబడ్డట్టే. అయితే ఆ చరిత్ర అంతటితో ఆగదు. రజాకార్లను వ్యతిరేకిస్తూ 'ఇమ్రోజ్' పత్రికలో నిర్భయంగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. నిజాం పాలనను ధిక్కరించి కార్మికులను కూడగట్టిన కవి, 'సుర్ఖ్ సవేరా' కర్త మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో చనిపోయినవారు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

ఒక సినిమా సగం కథ చెబితే మిగతా సగం చెప్పవలసినది ఎవరు? షోయబుల్లాఖాన్‌పై మన పిల్లలు ఒక గంట నాటకం ఎందుకు రాయకూడదు? సినిమా హాలు ముందు నినాదం మరునాటికి పాతబడుతుంది. నాటకం పదేళ్ళు ఆడుతుంది.

ప్రశ్నించే కళకు ప్రమాదమూ ఉంది. 1989 జనవరి 1న ఢిల్లీ సమీపంలోని సాహిబాబాద్ పారిశ్రామిక వాడలో 'హల్లాబోల్' వీధి నాటకం ఆడుతుండగా సఫ్దర్ హష్మీపై దాడి జరిగింది. మరునాడు ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 34. జనవరి 4న ఆయన భార్య మొలొయశ్రీ హష్మీ తోటి నటులతో అదే స్థలానికి వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. భర్త అంత్యక్రియలు జరిగి రెండు రోజులైనా గడవలేదు. దాడికి ఆమె ఇచ్చిన సమాధానం రాయి కాదు, కర్ర కాదు. ఆగిన చోటు నుంచే నాటకం.

పొరుగు దేశంలోనూ ఇదే కథ. జనరల్ జియా ఉల్ హక్ ఇస్లాం పేరు చెప్పి పాకిస్తాన్‌లో నియంతృత్వం నడిపిన కాలంలో ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఒక నజ్మ్ రాశారు. ఇక్బాల్ బానో లాహోర్ సభలో దానిని పాడితే హాలు దద్దరిల్లింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనల్లో ఆ నజ్మ్‌నే కాన్పూర్ ఐ.ఐ.టి. విద్యార్థులు పాడితే, అది హిందూ వ్యతిరేకమన్న ఫిర్యాదు వచ్చింది, విచారణ సంఘం ఏర్పడింది. ముస్లిం నియంతను ధిక్కరించడానికి రాసిన కవిత ఇక్కడ హిందూ వ్యతిరేకమైంది! మంచి కవిత ఏ కుర్చీకీ చుట్టం కాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం ఉండదు.

ఒకే తూకం

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు విషయానికి వస్తున్నాను. ఇది కొందరికి రుచించకపోవచ్చు. అయినా వయసులో పెద్దవాణ్ణి, ఓర్పుతో వినండి.

మక్బూల్ ఫిదా హుసేన్‌ను మనం ఎంతో ప్రేమిస్తాం. ఆయన గీసిన కొన్ని చిత్రాలు తమ దేవతలను అవమానించాయని కొందరు దేశమంతటా కేసులు పెట్టారు, చిత్రాలను ధ్వంసం చేశారు. 2006లో ఆయన దేశం విడిచి వెళ్ళారు. 2008 మేలో ఢిల్లీ హైకోర్టు కేసులను కొట్టివేసింది. అయినా ఆయన తిరిగి రాలేకపోయారు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్‌లో, 95 ఏళ్ళ వయసులో, లండన్‌లో మరణించారు. సొంత మట్టిలో ఆరడుగుల నేల దొరకలేదని మనమంతా బాధపడ్డాం. కళాకారుడి స్వేచ్ఛను గురించి సభలు పెట్టి మాట్లాడాం.

మరి 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో ఏం జరిగింది? తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చిన తస్లీమా నస్రీన్‌పై, ప్రజాప్రతినిధులు కూడా ఉన్న ఒక గుంపు దాడి చేసింది. పూలకుండీలు, కుర్చీలు విసిరారు. ఒంటరి స్త్రీ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెను కాపాడటానికి అడ్డునిలిచినవారు గాయపడ్డారు. ఆమె రాసిన అనేక విషయాలతో నాకు ఏకీభావం లేదు. కొన్ని వాక్యాలు నన్ను కూడా గాయపరిచాయి. అయినా హుసేన్ చిత్రాన్ని చించిన చేయి తప్పయితే, ఆ రోజు కుండీ విసిరిన చేయి ఒప్పు ఎలా అవుతుంది? హుసేన్‌కు ఒక తూకం, తస్లీమాకు మరో తూకం వాడేవారి మాటకు న్యాయస్థానంలో కాదు కదా, ఎదుటింట్లో కూడా విలువ ఉండదు. సాక్ష్యం మన రక్తసంబంధీకులకు వ్యతిరేకమైనా న్యాయమే పలకాలన్నది మన ధర్మం మనకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి.

మన ప్రవక్తను (స) దూషిస్తే కూడా ఊరుకోవాలా అని యువకులు అడుగుతారు. ఊరుకోమని నేను అనను. ఖండించండి, రాయండి, పుస్తకం కొనకండి, సినిమా చూడకండి. ఒక వర్గంపై హింసకు పురికొల్పే మాట ఉంటే చట్టప్రకారం ఫిర్యాదు ఇవ్వండి. ఎలా రాయాలో తెలియకపోతే నా దగ్గరికి రండి, నేను రాసిపెడతాను. విమర్శ వేరు, హింసకు ప్రేరేపణ వేరు. ఈ తేడాను చూడవలసినది న్యాయస్థానం. చేయి ఎత్తే హక్కు మాత్రం నాకూ లేదు, మీకూ లేదు.

ఈ సూత్రం వల్ల నష్టపోయేది మనమేనని భయపడేవారు ఇటీవలి తీర్పు ఒకటి చదవాలి. రాజ్యసభ సభ్యుడు, ఉర్దూ కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ పెట్టిన ఒక వీడియోలో వినిపించిన కవితపై గుజరాత్‌లోని జామ్‌నగర్ పోలీసులు కేసు నమోదు చేశారు. 2025 మార్చి 28న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఆ కేసును కొట్టివేసింది. కవిత్వం, నాటకం, సినిమా, వ్యంగ్యం మనిషి జీవితాన్ని అర్థవంతం చేస్తాయని, చాలామందికి నచ్చని అభిప్రాయానికి కూడా రక్షణ ఉండాలని ఆ తీర్పు సారాంశం. ఒక మాటను తూచేటప్పుడు ప్రతి విమర్శనూ ప్రమాదంగా చూసే బలహీన మనస్కుల కొలమానం పనికిరాదని, స్థిరచిత్తం గల మనిషి కొలమానం వాడాలని కోర్టు చెప్పింది. మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఇటువంటి ఆరోపణల్లో కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ జరపడం సముచితమని పోలీసులకు సూచించింది. మన కవికి కవచమైన ఈ తీర్పు, మనకు నచ్చని కవికి కూడా కవచమే. ఒకటి తీసుకుని మరొకటి వదిలేయడానికి వీలు లేదు.

ఇంటి గడప దగ్గర

ఈ తూకం అసలు పరీక్ష సుప్రీంకోర్టులో జరగదు, మన ఇళ్ళలో జరుగుతుంది. ఈమధ్య మా ప్రాంతంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి 'జోడే కీ రఖం'పై కవిత రాసి కాలేజీ సభలో చదివింది. పెళ్ళికొడుక్కి నగదు ఇవ్వడానికి తండ్రి ఆటో అమ్మిన సంగతి అందులో ఉంది. వారం తిరగకుండా బంధువులు, ఇద్దరు ముగ్గురు పెద్దలు వారింట్లో కూర్చున్నారు. నన్నూ పిలిచారు. ఇంటి పరువు బజారున పెట్టావని, ఇతరుల ముందు మనల్ని చులకన చేశావని అన్నారు. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి అంతా విని ఒకే మాట అడిగింది: “చాచా, ఇందులో ఏ మాట అబద్ధమో చూపించండి. ఇప్పుడే కొట్టేస్తాను.”

ఎవరూ చూపించలేదు. చూపించడానికి ఏమీ లేదు. “నిజమే రాసింది, రాయనివ్వండి” అని నేను అన్నాను. తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి చిన్న కూతురి సంబంధాలు చెడిపోతాయన్న భయమే గెలిచింది. ఆ కవిత ఆ తర్వాత ఎక్కడా చదవబడలేదు.

ఆలోచించండి. జోడే కీ రఖం వద్దని మనం ఎన్ని తీర్మానాలు చేశాం? ఎన్ని కరపత్రాలు పంచాం? ఆ తీర్మానాలు విని ఆటో అమ్ముకోవడం మానినవారు ఎందరు? ఆ అమ్మాయి చదివిన పది నిమిషాల్లో హాలులో ఆడపిల్లలు ఏడ్చారని ఆమె అధ్యాపకురాలు నాతో చెప్పారు. మనం దశాబ్దాలుగా చేయలేని పనిని చేయగల గొంతు మన ఇంట్లోనే ఉంటే, దాన్ని నొక్కినవారు ఏ ప్రభుత్వమూ కాదు, ఏ విరోధులూ కాదు. మనమే. బయట సెన్సారును గురించి ఫిర్యాదు చేసే మనం ఇంట్లో సెన్సారు నడుపుతున్నాం.

మనం చేయగల పనులు

ప్రసంగం విని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే ప్రయోజనం లేదు. గుమాస్తా బుద్ధి కనుక, చేయవలసిన పనులను విడివిడిగా చెబుతాను.

మొదటిది, ప్రతి మసీదు పక్కనో, షాదీఖానాలోనో ఒక అలమార పుస్తకాలు పెట్టండి. నేను ఇందాక పేర్కొన్న పుస్తకాలు వెతికి తెప్పించండి. ఒక వలీమాలో ఒక రకం మిఠాయి తగ్గిస్తే ఆ ఖర్చు సరిపోతుంది. దొరకని పుస్తకాలుంటే రచయితల అనుమతితో మళ్ళీ అచ్చు వేయించే ప్రయత్నం చేద్దాం.

రెండవది, మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఊళ్ళో మిగిలిన ఫకీరుల పాటలు, పీర్ల పండుగలో అలావా చుట్టూ పాడే అసోయ్‌దూలా పాటలు రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ తేదీనో రాసిపెట్టండి. ఆ పాటల్లో హిందువుల గొంతులూ ఉంటాయి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవంలో ఏ మతం వారు ఎక్కువో చూసినవారికి తెలుసు. అటువంటి పాటను కొందరు మన పెద్దలు మతసమ్మతం కాదంటారు. ఆచారంపై వారి అభిప్రాయం వారిది. పాటను భద్రపరచడానికి ఆ చర్చ తేలేదాకా ఆగనక్కరలేదు. అప్పటికి పాడేవారు ఉండరు.

మూడవది, మన కార్యకర్తలకు. ఒక సమస్యపై వినతిపత్రం ఇస్తున్నప్పుడు, ఆ బాధితుడి కథను కూడా రెండు పేజీల్లో రాయండి, లేదా పది నిమిషాల వీధి నాటకంగా ఆడండి. అధికారి ఫైలు చదువుతాడు. ఊరు నాటకం చూస్తుంది. ఊరు చూస్తోందని తెలిస్తే ఫైలు కూడా కదులుతుంది. ఇది నా ఉద్యోగ జీవితంలో కళ్ళారా చూసిన సత్యం.

నాలుగవది, న్యాయవాదులు ముందుకు రావాలి. 2025 నాటి ఆ తీర్పు సారాంశాన్ని తెలుగులో, ఉర్దూలో రెండు పుటలుగా అచ్చు వేసి రాసే పిల్లలందరికీ ఇవ్వండి. పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వస్తే ఎవరికి ఫోన్ చేయాలో వారికి ముందే తెలియాలి.

ఐదవది, తల్లిదండ్రులకు, పెద్దలకు. మీ పిల్ల రాసినది మీకు నచ్చకపోతే, ఆపమనే ముందు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను మీకు మీరే వేసుకోండి. ఇందులో అబద్ధం ఏది? అబద్ధం ఉంటే సరిదిద్దండి. లేకపోతే పక్కకు జరిగి ఆమెకు మైకు ఇవ్వండి.

బుర్రకథలోని రాజకీయ వంత కథకుడి శత్రువు కాడు. అతడు అదే దళం మనిషి, అదే కథలో భాగం. కథకుణ్ణి మధ్యలో ఆపి ప్రశ్నించడమే అతని విధి, అతను అడగకపోతే కథ రక్తి కట్టదు. మన సమాజంలో ప్రశ్నించే కవిని, రచయిత్రిని, నటుణ్ణి ఆ స్థానంలో నిలుపుకుందాం. ప్రభుత్వాన్ని ప్రశ్నించినప్పుడు భుజం తట్టి, మనల్ని ప్రశ్నించినప్పుడు నోరు మూయించే అలవాటు మానుకుందాం.

చివరగా అధ్యక్షుల వారికి ఒక విన్నపం. వచ్చే సమావేశంలో మొదటి గంట మా వంటి పెద్దల ప్రసంగాలకు కేటాయించవద్దు. వెనుక వరుసల్లో ఉన్న ఈ పిల్లలను ముందుకు పిలిచి, వారు రాసుకున్నవి చదివించండి. ముందుగా తెప్పించుకుని దిద్దవద్దు. మేము కింద కూర్చుని వింటాం.